రీప్లే చూపించలేదు

ఇస్త్రీ చేస్తున్న ఆడమనిషిని టీవీ ముందు ఎందుకు నిలబడ్డావని ఎవరూ అడగరు. ఈ సంగతి ఆమెకు చాలా ఏళ్ళ కిందటే తెలిసిపోయింది. ఆదివారం భోజనాలయ్యాక, గిన్నెలు తోమి బోర్లించాక, ముందుగదిలో సోఫా వెనక ఇస్త్రీబల్ల వేసుకుని, వారం బట్టలన్నీ పక్కన కుప్పపోసుకుని ఆమె మోటార్‌సైకిల్ రేసు చూసేది. సోఫాలో భర్త గురక పెడుతూ ఉండేవాడు. ఆయన పొట్ట మీద రిమోటు ఊపిరితో పాటు పైకి లేస్తూ కిందికి దిగుతూ ఉండేది. పసిబిడ్డ గుప్పిట్లోంచి గిలక్కాయ లాగినంత మెల్లగా దాన్ని తీసి, ఛానెల్ మార్చి, శబ్దం బాగా తగ్గించి, మళ్ళీ అక్కడే పెట్టేసేది. మధ్యలో ఆయనకు మెలకువ వస్తే, పెళ్ళాం తన చొక్కా కాలరు మీద నీళ్ళు చల్లుతూ కనిపించేది. ఇంక అనడానికేముంది? మళ్ళీ కళ్ళు మూసుకునేవాడు. ఎవరో పడిపోయి రేసు ఆగి, మళ్ళీ మొదలైన రోజుల్లో మాత్రం బట్టలు ముందే అయిపోయేవి. అప్పుడు ఇస్త్రీ చేసిన చొక్కానే గుప్పిట్లో నలిపి మళ్ళీ కుప్పలో వేసేది. ఇన్నేళ్ళలో ఒక్క రేసూ కూర్చుని చూడలేదు. పని చేస్తూ చూస్తే అది చూడటం కింద జమ కాదు. అందుకే ఆమెకు ఆ చూడటం దక్కింది.

ఈ పిచ్చి ఆమెకు ఆపరేషన్ రోజుల్లో పట్టుకుంది. గర్భసంచి తీసేశాక డాక్టరమ్మ నెలన్నర బరువులెత్తొద్దంది, మంచం దిగొద్దంది. వారం తిరక్కుండానే అత్తగారు గుమ్మంలో నిలబడి, "మా కాలంలో కని లేచి పొయ్యి దగ్గరికే వెళ్ళేవాళ్ళం" అని గోడతో చెప్తున్నట్టుగా అంది. కానీ ఆ వారం మాత్రం ఆమెదే. కూతురు పాత టీవీ తెచ్చి మంచానికి ఎదురుగా పెట్టింది. రిమోటు చేతిలోంచి జారి కిందపడింది. వంగితే కుట్లు లాగుతాయి, పిలుద్దామంటే వినే దూరంలో ఎవరూ లేరు. దాంతో తెర మీద ఉన్నదే చూసింది. ఒక మనిషి బండితో సహా నేలకు ఒరిగిపోయి, మోకాలు రోడ్డుకు ఆనించి మలుపు తిరుగుతున్నాడు. పడిపోయాడనుకుని "అయ్యో" అంది. పడలేదు. బండి లేచింది, మళ్ళీ రెండోవైపుకి ఒరిగింది. ఆ తర్వాతి మలుపులో నిజంగానే పడ్డాడు. కంకరలో దొర్లుకుంటూ వెళ్ళి, లేచి, ఒళ్ళు తడుముకోకుండా బండి దగ్గరికి పరిగెత్తాడు. హ్యాండిల్ వంగిపోయి ఉంది. అలాగే ఎక్కి, అందరికంటే వెనక, కెమెరాలు కూడా పట్టించుకోని చోట, చివరిదాకా నడిపాడు. వ్యాఖ్యాతలు గెలిచినవాడి గురించి ఊదరగొడుతున్నారు. ఆమె మాత్రం కుట్ల మీద చెయ్యి పెట్టుకుని, ఈ మనిషి గీత దాటేదాకా తెర చివర వెతుక్కుంటూ ఉండిపోయింది.

బక్కపల్చటి మనిషి. అతని పేరు పలకడానికి నోరు తిరగక, తనలో తాను 'బక్కోడు' అని పెట్టుకుంది. ఆ రోజు నుంచి బక్కోడి రేసు ఒక్కటీ వదల్లేదు. అతను ఎప్పుడూ గెలవలేదు. ఒకే ఒక్కసారి మూడోవాడుగా వచ్చి బహుమతుల మెట్టెక్కినప్పుడు, ఆమె చేతిలోని ఇస్త్రీపెట్టె అలాగే నిలిచిపోయి భర్త తెల్లచొక్కా వీపు మీద గోధుమరంగు మచ్చ పడింది. "కళ్ళు ఎక్కడ పెట్టుకుని చేస్తావే పని?" అని ఆయన విసుక్కున్నాడు. ఆమె తిట్లన్నీ తలవంచుకుని విన్నది. తలెత్తితే నవ్వు కనిపించేస్తుందని భయం.

అతనిలో ఏం చూశావంటే ఆమె చెప్పలేకపోయేది. అడిగినవాళ్ళూ లేరనుకోండి. అందం కాదు. హెల్మెట్ తీస్తే లొత్తబుగ్గలు, చెమటకు నెత్తికి అతుక్కున్న పలచటి జుట్టు. వేగం కూడా కాదేమో. అదే దారి, అవే మలుపులు, మళ్ళీ మళ్ళీ తిరగడమే అతని పని. తనదీ అంతే కదా అనుకునేది. మంచం నుంచి వంటగదికి, వంటగది నుంచి బస్సుకి, బస్సు నుంచి ఆసుపత్రికి, అక్కణ్ణుంచి మళ్ళీ వంటగదికి. కాకపోతే అతను తిరిగిన ప్రతి చుట్టునూ ఎవరో కొలుస్తారు. రెప్పపాటులో వెయ్యోవంతు మిగుల్చుకున్నా తెర మీద వేసి చూపిస్తారు. అట్టడుగున వచ్చినవాడికి కూడా ఒక అంకె ఉంటుంది, వాడు ఫలానా మలుపులో ఎంత బాగా నడిపాడో చెప్పేవాళ్ళుంటారు. ఆమె తిరిగే చుట్లు తిరుగుతున్నంతకాలం ఎవరికీ కనిపించవు. ఎక్కడైనా ఆగితే మాత్రం ఇంటిల్లిపాదికీ కనిపిస్తాయి. "ఏంటి, ఇవాళ నా సాక్సులు కనబడవేం?"

ఆసుపత్రిలో ఆమెది ఎక్స్‌రే గది. చదువు ఒకటే, ఉద్యోగం ఒకటే అయినా, ఆమెకంటే రెండేళ్ళు ముందు చేరిన సీనియర్ అద్దం వెనక తిరిగే కుర్చీలో కూర్చుని బటన్ నొక్కుతాడు. విరిగిన మనుషుల్ని బల్ల మీదికి ఎత్తడం, తిప్పడం, నొప్పితో అరిచేవాళ్ళ భుజం కింద దిండు దోపడం ఆమె వంతు. "ఆడవాళ్ళకి ఓపికెక్కువ కదమ్మా" అంటాడు. ఆపరేషన్ తర్వాత మొదటిరోజు ఆమె ఒంటికి కిరణాలు తగలకుండా సీసపు ఏప్రాన్ తగిలించుకుంటుంటే, "ఇంకా అదెందుకు మోస్తున్నావ్, కాపాడుకోడానికి లోపలేం మిగల్లేదుగా" అన్నాడు. గదిలో ఉన్న మగవాళ్ళందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు ఇంటికి తెచ్చుకుని, ఉల్లిపాయలు తరుగుతూ, బట్టలు ఆరేస్తూ, వారాల తరబడి దాన్ని మోసింది. ఏప్రాన్ కంటే అదే బరువు.

కాలర్‌బోన్ విరగ్గొట్టుకుని వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఇళ్ళకు సరుకులు చేర్చే బండివాళ్ళు. ఒకసారి అలాంటతనికి భుజం సరిచేస్తూ, "పడేటప్పుడు చెయ్యి చాచకూడదు బాబూ, ముడుచుకుని దొర్లాలి" అంది. అతను అంత నొప్పిలోనూ ఆశ్చర్యంగా చూశాడు. "మీరు బండి నడుపుతారా మేడమ్?" "లేదు." "మరి?" "చూస్తుంటాను," అంది. ఆ ఒక్క మాట పైకి అన్నందుకే రోజంతా ఆమెకు ఏదో చేసినట్టుగా అనిపించింది.

నడపడం నేర్చుకుందామని ఆమె అడక్కపోలేదు. పెళ్ళైన కొత్తలో అడిగింది. "ఎందుకు, నేను లేనా తిప్పడానికి?" అన్నాడు భర్త, ప్రేమగానే. ఆయన చెడ్డవాడు కాదు. ఆ మాట అందరూ ఆమెతో అన్నారు, ఆమె కూడా తనతో తాను అనుకుంటూ వచ్చింది. తాగడు, చెయ్యెత్తడు, జీతం దాచుకోడు. చెడ్డవాడైతే ఎవరితోనైనా చెప్పుకోవచ్చు. మంచివాడి గురించి ఏమని చెప్పుకుంటుంది?

ఆ ఏడాది రేసు మొదటిసారిగా ఆమె వెళ్ళగలిగినంత దగ్గరికి వచ్చింది. తెల్లవారి రైలెక్కితే మధ్యాహ్నానికి దిగిపోయే ఊరు. పై వార్డు నర్సు తోడొస్తానంది. నర్సుకు రేసులంటే ఏమీ తెలియదు, ఇల్లు కదిలితే చాలు. ఆమె నెలల ముందే భర్తకు వడ్డిస్తూ అడిగింది. ఆయన ముద్ద మింగి, "చూద్దాం" అన్నాడు. ఆ ఇంట్లో 'చూద్దాం' అంటే కాదని చెప్పడానికి కూడా తీరిక లేదని అర్థం. అది తెలిసి కూడా ఆమె ఆసుపత్రిలో సెలవు పెట్టుకుంది, చిన్నసంచీ దులిపి ఎండలో వేసింది. ఆ వారం మధ్యలో ఆడపడుచు ఫోను చేసింది. "ఆదివారం మేమిద్దరం వస్తున్నాం వదినా. నీ చేతివంట తిని ఎన్నాళ్ళయిందో!"

ఫోను పెట్టేశాక భర్త మొహం చూసింది. ఆయన పేపరు మడతపెట్టి, "టీవీలో వస్తుందిగా, ఎక్కడికిపోతుంది?" అన్నాడు. "అక్కడికెళ్తే ఏం కనిపిస్తుంది చెప్పు, బుర్రుమని పోతాయంతే. అంతా కుర్రాళ్ళు, తాగి ఊగుతుంటారు. ఈ వయసులో నువ్వెళ్ళి వాళ్ళ మధ్య నిలబడితే చూసినవాళ్ళు ఏమనుకుంటారు?" చూసినవాళ్ళు. ఆమె పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ చూసినవాళ్ళకు భయపడుతూనే ఉంది, ఇంతవరకూ వాళ్ళెవరో ఒక్కళ్ళనీ ఎరగదు. నర్సుకు ఫోను చేసి, "వచ్చే ఏడు వెళ్దాంలే" అని చెప్పింది.

ఆదివారం ఆడపడుచూ వాళ్ళాయనా వచ్చారు. వంటయింది, తిన్నారు, పొగిడారు. ఆమె గిన్నెలు కడిగి వచ్చి బల్ల వేస్తుంటే అత్తగారు, "చుట్టాలొచ్చిన రోజు కూడా ఇస్త్రీయేనా?" అంది. "రేపటికి చొక్కాల్లేవు అత్తయ్యా," అంది ఆమె. రిమోటు ఆడపడుచు భర్త చేతిలో ఉంది. ఆమె మొహమాటపడుతూ, "అన్నయ్యగారూ, ఒక్కసారి ఆ స్పోర్ట్స్ పెడతారా?" అనగానే భర్త పకాలున నవ్వాడు.

"చెప్పలేదు కదూ బావా, మా ఆవిడ రేసుల మనిషి! స్కూటరు వెనకెక్కితే కళ్ళు గట్టిగా మూసుకుంటుంది. చూసేది మాత్రం రేసులు!"

అందరూ నవ్వారు. ఆడపడుచు భర్త ఛానెల్ మార్చాడు, తమాషా చూద్దామన్నట్టుగా. ఆమె మళ్ళీ అందరితో పాటు నవ్వి, మూడు తలకాయల సందులోంచి తెర చూస్తూ చొక్కా పరిచింది. ఎండ కాస్తోంది అక్కడ. తను నిలబడాల్సిన కంచె, తను కూర్చోవాల్సిన మెట్లు, టోపీలు ఊపుతున్న జనం. వాళ్ళలో నెరిసిన జుట్టు ఆడవాళ్ళు కూడా ఉన్నారు. చూసినవాళ్ళెవరూ వాళ్ళనేమీ అనుకుంటున్నట్టు లేదు.

బక్కోడు ఆ రోజు బాగా నడుపుతున్నాడు. ఆ ఏడాదిలో అంత ముందు ఎప్పుడూ లేడు. ఎవరూ దూరడానికి సాహసించని సందులోకి దూరి ఇద్దరిని దాటాడు. ఆమె చెయ్యి చొక్కా మీద అతనితో పాటే పరిగెత్తింది. దిగుడుగా పోయే పెద్ద మలుపు దగ్గర అతని వెనక చక్రం పక్కకు జారింది. అతను రోడ్డు మధ్యలో పడ్డాడు. వెనక వస్తున్నవాళ్ళకు తప్పుకునే చోటు లేదు.

ఎర్రజెండాలు ఊపారు. కెమెరా గబుక్కున ఆకాశం వైపు తిరిగింది.

రేసులు చూసేవాళ్ళకు ఒక సంగతి తెలుస్తుంది. ఎవరు పడినా ఆ పడటాన్ని అటునుంచి, ఇటునుంచి, నెమ్మదిగా, ఇంకా నెమ్మదిగా, మనకు విసుగొచ్చేదాకా చూపిస్తారు. లేచి నడిచాడు కాబట్టి చూపిస్తారు. చూపించలేదంటే వేరు. ఇప్పుడు తెర మీద చెట్లు చూపిస్తున్నారు, మేఘాలు చూపిస్తున్నారు, నిలబడిపోయిన జనాన్ని చూపిస్తున్నారు. బక్కోడి షెడ్డులో ఒక మెకానిక్ చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసేసి గోడవైపు తిరిగాడు. ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టింది.

"ఆపేశారుగా, ఇంకేముందిందులో," అంటూ ఆడపడుచు భర్త రిమోటెత్తాడు.

"అన్నయ్యగారూ, ఒక్క నిమిషం. మార్చకండి."

ఆ ఇంట్లో ఆమె ఎవరినైనా ఏదైనా మార్చవద్దనడం అదే మొదలు. గొంతు ఆమెదిలా లేదు. ఆయన వెనక్కి తిరిగి చూసి, భర్త వైపు చూశాడు. "ఎవడో పడ్డాడు, లేస్తాడులే," అన్నాడు భర్త. "నువ్వెళ్ళి టీ పెట్టు ముందు." తెర మీద ఏదో పాట మొదలైంది. ఆమె లోపలికి వెళ్ళింది.

గిన్నెలో పాలు పోసి, స్టవ్వు వెలిగించి, ఫోను పంచదార డబ్బాకు ఆనించింది. చూడగా చూడగా ఒక నల్లటి చతురస్రం వచ్చింది. అందులో అతని అంకె, అతని పేరు, పుట్టిన సంవత్సరం, పక్కన ఒక గీత, ఈ సంవత్సరం. ఆమె ఆ పేరును మొదటిసారి పైకి పలకబోయింది. నోరు తిరగలేదు. దాని బదులు గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. తన ఏడుపుకి శబ్దం ఉంటుందని ఆమెకు ఆ రోజే తెలిసింది. ఇన్నేళ్ళూ స్నానాల గదిలో కుళాయి విప్పి ఏడ్చింది కాబట్టి ఎప్పుడూ వినలేదు.

ఆడపడుచు పరిగెత్తుకొచ్చింది. "అయ్యో వదినా, చెయ్యి కాలిందా?" ఆమె వెనకే అందరూ వంటగది గుమ్మంలో మూగారు. ఆమె తల అడ్డంగా ఊపింది. "పోయాడు," అంది.

"ఎవరూ?" అత్తగారు గుండె పట్టుకుంది. "ఎవరే? మనవాళ్ళా?"

"కాదత్తయ్యా. రేసులో. ఆ అబ్బాయి."

"హమ్మయ్య! నా ప్రాణాలు పైకే పోయాయి. ఊరుకో, పరాయివాళ్ళ కోసం ఇంట్లో ఏడవకూడదు, చుట్టాలున్నారు."

కాలేజీలో చదువుతున్న కూతురు అమ్మ భుజం మీద చెయ్యి వేసింది, మెత్తగానే. "అమ్మా, ప్లీజ్. నువ్వెవరో కూడా ఆయనకి తెలీదు."

నిజమే. ఆమె ఎవరో అతనికి తెలియదు. ఆమె గుమ్మంలో నిలబడ్డ మొహాల్ని ఒక్కొక్కటిగా చూసింది. తెలిసినవాళ్ళు ఎవరున్నారా అని వెతికింది. ఈపాటికి అక్కడ, కంచె పక్కన, వేలమంది టోపీలు తీసి నిలబడి ఉంటారు. వెళ్ళి ఉంటే తనూ వాళ్ళ మధ్య నిలబడి ఉండేది. అక్కడ ఎంత ఏడ్చినా ఎందుకని అడిగేవాళ్ళు లేరు. పక్కన ఉన్న ముక్కూమొహం తెలియని మనిషి కూడా ఏడుస్తూనే ఉంటాడు. తను వెళ్ళినంత మాత్రాన అతను బతికేవాడు కాదు. కానీ తను ఇలా చేతిలో గరిటెతో దొంగలా దొరికిపోయేది కాదు.

భర్తకు చుట్టాల ముందు ఇబ్బందిగా ఉంది. దాన్ని ఎలాగైనా తేలిక చేద్దామనుకున్నాడు. "చూశావా బావా అన్యాయం," అన్నాడు నవ్వుతూ. "రేపు నేను పోయినా ఇంతగా ఏడుస్తుందో లేదో!"

అందరూ నవ్వి, ఆమెకోసం ఆగారు. అక్కడ ఆమె అనాల్సిన మాట ఒకటుంది. 'ఛ, అవేం మాటలండీ' అనాలి. కళ్ళు తుడుచుకుని, కాస్త సిగ్గుపడి అనాలి. ఎన్నోసార్లు అన్న మాటే. ఆమె దానికోసం లోపల తడుముకుంది. దొరకలేదు. దాని చోట అమ్మ పోయినరోజు దొరికింది. అమ్మను ముందుగదిలో పడుకోబెట్టి ఉంచారు, తను వెనక వంటగదిలో పెద్దగిన్నెతో టీ కాస్తోంది. వచ్చినవాళ్ళు వస్తూనే ఉన్నారు, గ్లాసులు చాలడం లేదు. "చక్కెర తక్కువైందమ్మా" అని ఎవరో వెనక్కి పంపారు. అది సరిచేసి ఇచ్చి ముందుగదిలోకి వచ్చేసరికి అమ్మను తీసుకెళ్ళిపోయారు. మామగారు పోయిన రోజూ అంతే. ఎవరు పోయినా ఆమెకు ముందు కనిపించేది పొయ్యే.

"మీరు పోయినరోజు నాకు ఏడవడానికి తీరిక ఉండదండీ," అంది. కోపంగా అనలేదు. బస్సు ఎన్నింటికని అడిగినవాళ్ళకు చెప్పినట్టు చెప్పింది. "వచ్చినవాళ్ళందరికీ టీలు పెట్టాలిగా."

వెనక పాలు పొంగి స్టవ్వు మీద చుయ్యిమన్నాయి. భర్త మొహంలో ఒక్క క్షణం ఏదో కదిలింది. ఆ క్షణం ఆమె ఆయన కళ్ళలోకే చూస్తూ నిలబడింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె ఆయనతో అన్న మొదటి నిజం అది, అది ఆయన దాకా చేరుతుందేమోనని చూసింది.

ఆయన నవ్వేశాడు. గట్టిగా, ఇల్లదిరిపోయేలా. "విన్నావా బావా! టీలు పెట్టాలట! నేను పోతే నా పెళ్ళానికి టీల గురించి బెంగ!" ఆడపడుచు భర్త తొడ చరుచుకున్నాడు. ఆడపడుచు, "వదిన జోకులు కూడా వేస్తుందే!" అంది. అత్తగారు కూడా నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. నవ్వుకుంటూనే అందరూ ముందుగదిలోకి వెళ్ళిపోయారు. అక్కడ ఆయన దాన్ని మళ్ళీ చెప్పడం, ఆమె గొంతు అనుకరించడం వినిపిస్తోంది. రేపు ఆఫీసులో కూడా చెప్తాడు. వచ్చే పెళ్ళిలో చెప్తాడు.

ఆమె స్టవ్వు ఆర్పింది. పొంగిన పాలు తుడవలేదు. పడకగదిలోకి వెళ్ళి, తలుపు వేసి, గడియ పెట్టింది. పట్టపగలు ఆ గదికి గడియ పడటం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. మంచం మీద, మొహం దిండులో దాచుకోకుండా, వెల్లకిలా పడుకుని ఏడ్చింది.

"వదినా, గ్లాసులెక్కడ పెట్టావ్?" అని ఒక గొంతు. "అమ్మా, నాన్నమ్మ మాత్రలు ఏ డబ్బాలో?" అని ఇంకొకటి. ప్రతి పిలుపుకీ ఆమె కాళ్ళు వాటంతటవే మంచం దిగబోయాయి. ప్రతిసారీ వాటిని వెనక్కి తీసుకుంది. వాటిని ఆపడానికే ఒంట్లో ఉన్న బలమంతా సరిపోతోంది. కాసేపటికి అడుగుల చప్పుడు తలుపు దాకా వచ్చింది. తలుపు నెట్టిన చప్పుడైంది, తెరుచుకోలేదు.

"ఏమే," అన్నాడు భర్త. ఈసారి గొంతులో నవ్వు లేదు, కోపం కూడా లేదు, ఏం చేయాలో తెలియనితనం ఒక్కటే ఉంది. "లోపలేం చేస్తున్నావ్?"

"ఏడుస్తున్నాను," అంది ఆమె, తలుపు అవతలికి వినిపించేంత గట్టిగా. "ఇంకా అవలేదు."